జోగారావు గారింటి ముందు లేని స్పీడు బ్రేకరు

"మీరు సంతకం పెట్టకపోతే మానేయండి. ఎందుకు పెట్టలేదో వీధిలో అందరికీ ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి," అంది వకుళ, ఇడ్లీల పళ్ళెం భర్త ముందు కాస్త చప్పుడయ్యేలా పెడుతూ.

జోగారావు చొక్కా జేబులోంచి రసమట్టం తీసి టేబుల్ మీద పెట్టి, ఆ చప్పుడుకు అందులోని బుడగ ఎటైనా జరిగిందేమో చూశాడు. జరగలేదు. తృప్తిగా చట్నీ వేసుకున్నాడు.

ఆ గొడవ అప్పటికి చాలా రోజులుగా నడుస్తోంది. మొదట్లో కాఫీ వేళకు పుట్టి టిఫిన్ వేళకు చల్లారేది. ఇప్పుడు టిఫిన్ దాటి, భోజనం దాటి, సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోసేదాకా సాగుతోంది. చూడబోతే పెద్ద విషయం కాదు. కాలవగట్టు కాలనీ మూడో వీధిలో అందరి ఇళ్ళ ముందూ స్పీడు బ్రేకరు ఉంది, వాళ్ళింటి ముందు లేదు. ఉండి తీరాలని వకుళ. ఉండటానికి వీల్లేదని జోగారావు.

జోగారావు రోడ్లు, భవనాల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కొందరు తోటపని మొదలుపెడతారు, కొందరు కర్ణాటక సంగీతం నేర్చుకుంటామని పక్కింటివాళ్ళను హడలగొడతారు. జోగారావుకున్న సరదా ఒక్కటే, మట్టం చూడటం. జేబులో కళ్ళజోడు పక్కనే ఆ ఇత్తడి రసమట్టం ఎప్పుడూ ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు టీపాయి మీద దాన్ని పెట్టి, మధ్యలో గాజుగొట్టంలో బుడగ ఎటు పోతోందో చూసి, ఆ తర్వాతే క్షేమ సమాచారాలు అడుగుతాడు. కొడుకు కిరణ్ పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కాబోయే వియ్యంకుడి డైనింగ్ టేబుల్ కింద మడతపెట్టిన అట్టముక్క దూర్చి, "ఇప్పుడు సరిపోయిందండి," అన్నాడు. వకుళకు ఆ రోజు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సంబంధం మాత్రం కుదిరింది.

పేపర్లో ఏ వార్త చదివినా ఆయన చివరికి మట్టం దగ్గరికే వస్తాడు. వరదలొచ్చినా, వంతెన కుంగినా, ప్రభుత్వం పడిపోయినా కారణం ఒకటే, మొదట్లో ఎవరో మట్టం చూసుకోలేదు. ఇక కొత్త టెక్నాలజీ అంటే ఆయనకు గౌరవం లేకపోలేదు గానీ, ఏ యంత్రాన్నైనా దాన్ని కొన్నవాడి కంటే తక్కువగానే నమ్ముతాడు.

ఇల్లు ఆయనే గీసి, ఆయనే నిలబడి కట్టించాడు. వీధి కంటే ఎత్తుగా ఇంటి చుట్టూ పెరడు, పెరటి కంటే ఎత్తుగా వరండా, వరండాకు నాలుగు మెట్లు. వరండాలో పేము కుర్చీ ఆయన తల్లి సుభద్రమ్మది. ఆవిడకు మెడ పట్టేసింది. తల పైకెత్తలేదు, పక్కకు తిప్పలేదు, ఎదురుగా చూస్తుంది. ఎదురుగా వీధి ఉంది కాబట్టి ఆవిడకు ఏ లోటూ లేదు. కూరగాయల బండి సత్తెమ్మ దగ్గర్నుంచి సాయంత్రం నడకకు వెళ్ళే పంతుళ్ళ దాకా అందరూ ఆ కుర్చీ కంటికి సరిగ్గా ఎదురుగా వచ్చి, ఒక మాట చెప్పి వెళ్తారు. కుర్చీలో కూర్చుంటే మనిషి మొహం కనబడేలా వరండా ఎత్తు తానే లెక్కకట్టి పెట్టానని జోగారావు చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

స్పీడు బ్రేకర్ల సంగతి రోడ్డు భద్రతా వారోత్సవాలతో మొదలైంది. సొంత ఇల్లున్న ప్రతి ఒక్కరికీ, కోరితే ఇంటి ముందు ఒక స్పీడు బ్రేకరు ఉచితమని మునిసిపల్ కమిషనరు వేదిక మీద ప్రకటించాడు. అడగాల్సింది ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళు. మూడో వీధిలో మొదటిది సహజంగానే కౌన్సిలరు గారింటి ముందు పడింది. రెండోది పళ్ళ డాక్టరు గారింటి ముందు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. గృహప్రవేశానికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలవటం మొదలైంది. డాక్టరు గారి భార్య ప్రమీల తన బ్రేకరు మీద కొబ్బరికాయ కొట్టించి, పసుపు గీతల మధ్య పద్మం ముగ్గు వేసి, వచ్చినవాళ్ళకు పులిహోర పెట్టింది. తమది వీధిలోకెల్లా ఎత్తయినదని, కారు అడుగుభాగం తగిలిందంటే ఎంత ఎత్తో చూసుకోండని కూడా చెప్పింది. వకుళ ఆ పులిహోర తిని, ఇంటికి వచ్చి రెండు రోజులు భర్తతో ముక్తసరిగా మాట్లాడింది.

పరువు సంగతి అలా ఉంచినా, వకుళ మాటలో న్యాయముంది. వీధి మొదట్నుంచీ గతుకు గతుకుకూ బ్రేకు నొక్కుకుంటూ, పళ్ళు నూరుకుంటూ వచ్చిన బైకులవాళ్ళకు జోగారావు ఇంటి ముందుకు రాగానే ఒక్కసారిగా సాఫు రోడ్డు కనబడేది. అప్పటిదాకా అణచుకున్న వేగమంతా అక్కడ తీర్చుకునేవాళ్ళు. వకుళ ముగ్గు గిన్నె పట్టుకుని గేటు దాటాలంటే దేవుణ్ణి తలుచుకోవాల్సి వస్తోంది.

"వీధిలో ఉన్న స్పీడంతా మనింటి ముందే ఖర్చవుతోందండి. అది కనబడటం లేదా మీకు?" అంది.

"అందుకే వద్దంటున్నాను. రోగం వాళ్ళ గతుకుల్లో ఉంటే మందు మనం మింగటమేమిటి?" అన్నాడు జోగారావు. సర్వీసులో ఉండగా మంత్రి బావమరిది అడిగితేనే అవసరం లేని చోట స్పీడు బ్రేకరు మంజూరు చేయలేదని, ఆ పాపానికి తనను ఏజెన్సీకి బదిలీ చేస్తే సంతోషంగా వెళ్ళానని గుర్తు చేశాడు. సంతోషంగా వెళ్ళింది ఆయన, సామాను కట్టింది తను అని వకుళ గుర్తు చేసింది.

వేగ నియంత్రణ విభాగంలో అసిస్టెంటు ఇంజనీరు వీర్రాజు ఒకప్పుడు జోగారావు కింద పని నేర్చుకున్నవాడే. సంతకం కోసం రెండు మూడుసార్లు ఇంటికి వచ్చాడు. మనిషి మంచివాడు, వకుళ ఇచ్చిన సున్నుండలు తినేటప్పుడు మామూలుగానే మాట్లాడతాడు. పథకం ఊసెత్తితే మాత్రం గొంతు మారిపోతుంది.

"ఇది ప్రజా భాగస్వామ్యంతో కూడిన వేగ నియంత్రణ సార్. ప్రజలు కోరిన చోట, కోరినంత ఎత్తున నిర్మించుట మా లక్ష్యం. ఈ వీధిలో నూటికి నూరు శాతం సాధించకుండా తమరొక్కరే ఆపుతున్నారండి," అన్నాడు.

"కోరినంత ఎత్తా? దానికో ప్రమాణం ఉండొద్దా వీర్రాజూ?"

"ప్రజాభిప్రాయమే ప్రమాణం సార్," అని వీర్రాజు చేతులు తుడుచుకున్నాడు.

ఇంతవరకూ అయితే కథ మిగతా వీధుల కథే. తేడా ఎక్కడొచ్చిందంటే, అదే మునిసిపాలిటీలో గుంతల నిర్మూలన విభాగమని ఇంకోటి ఉంది. వాళ్ళకు ఆ ఏడాది కొత్తగా ఓ యంత్రం వచ్చింది. జీపు నెత్తిన కెమెరా, జీపు వెనక కంప్యూటరు. వీధి వెంట అది మెల్లగా వెళ్తుంటే, అటూ ఇటూ ఉన్నదాని కంటే పల్లంగా ఏ జాగా కనబడినా గుంతగా గుర్తించి, టింగుమని మోగి, ఆ వివరం తిన్నగా కాంట్రాక్టరుకు పంపేస్తుంది. కాంట్రాక్టరు వారంలోగా పూడ్చకపోతే జరిమానా. మధ్యలో మనిషి ప్రమేయం ఉండదు. అదే దాని గొప్పతనమని పేపర్లో రాశారు.

ఆ జీపు మూడో వీధిలోకి వచ్చి టింగుటింగుమంటూ గుడిగంటలా మోగుతూ వెళ్ళింది. ప్రతి రెండు స్పీడు బ్రేకర్లకూ మధ్య ఉన్న రోడ్డు దాని లెక్కలో గుంతే. జోగారావు ఇంటి ముందుకు రాగానే ఆగకుండా మోగింది. అక్కడ బ్రేకరు లేదు కదా, కాబట్టి అక్కడున్నది పట్టణంలోకెల్లా పెద్ద గుంత.

వారం తిరక్కుండా గుంతలన్నీ పూడ్చేశారు. బ్రేకర్ల ఎత్తుకు సమానంగా కంకర, దాని మీద తారు. మూడో వీధి అద్దంలా తయారైంది, జానెడు ఎత్తు పెరిగింది. జోగారావు వీధిలోకి వెళ్ళి వంగి రసమట్టం పెట్టి చూశాడు. బుడగ కదలకుండా మధ్యలో నిలబడింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పని తప్పని తెలుసు, మట్టం మాత్రం దివ్యంగా కుదిరింది. ఆయన మొహంలో ఆ బాధ వకుళకు గేటు దగ్గర్నుంచే కనిపించింది.

రోడ్డు అద్దంలా ఉంటే బండ్లు ఊరుకోవు. వేగం పెరిగింది. పెరిగిందని జనం ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు చేసిన ప్రతి ఇంటి ముందూ వేగ నియంత్రణ విభాగం మళ్ళీ ఒక స్పీడు బ్రేకరు వేసింది. మళ్ళీ కొబ్బరికాయలు, మళ్ళీ పులిహోర. మళ్ళీ జీపు వచ్చింది, మళ్ళీ టింగుమంది, మళ్ళీ పూడ్చారు. అలా ఒకరి తర్వాత ఒకరు, పేకముక్కలు పరిచినట్టు, వరస తప్పకుండా వస్తూనే ఉన్నారు.

ఇంట్లో ఎవరికీ ఒక్కసారిగా ఏమీ తెలియలేదు. ముందు గేటు బయటికి తెరుచుకోవటం మానేసింది. లోపలికి తెరుచుకునేలా బందులు మార్పించారు. కొన్నాళ్ళకు అదీ మానేసింది. కిరణ్ బ్యాంకుకు వెళ్ళాలంటే స్కూటరు మీద పెరట్లో ఒక చుట్టు తిరిగి, ఊపు అందుకుని గేటు దగ్గర వేసిన చెక్క వాలు మీదుగా వీధిలోకి ఎగరాల్సి వచ్చేది. కోడలు హారిక ఆ సమయంలో కళ్ళు మూసుకునేది. ప్రహరీగోడ రోడ్డులో కలిసిపోయి, దాని మీది గాజుపెంకులు ఫుట్‌పాత్ అంచులో మెరుస్తూ ఉండేవి. కూరల బండి సత్తెమ్మ తాడుకు బుట్ట కట్టి బెండకాయలు కిందికి దించటం నేర్చుకుంది. బేరం కూడా తాడు మీదే జరిగేది, ధర కుదరకపోతే బుట్ట పైకి పోయేది.

అందరికంటే ముందు గమనించింది సుభద్రమ్మ. పంతుళ్ళ మొహాలు కనబడటం మానేశాయి. చొక్కా గుండీలు కనబడేవి. తర్వాత బెల్టులు. తర్వాత మోకాళ్ళు. ఆవిడ తల ఎత్తలేదు, కుర్చీ కింద పీట వేస్తే కాళ్ళు అందవని భయపడేది. రోజులు గడిచి వర్షాకాలం దగ్గరపడేసరికి ఆవిడ లోకమంతా చెప్పుల దగ్గర ఆగిపోయింది. మనిషి గట్టిది కాబట్టి ముందు సర్దుకుంది. "అరిగిన మడమల చెప్పులు వెళ్తున్నాయే, లెక్కల మేష్టారు పాపం ఇంకా కొనుక్కోలేదు," అనేది. "కొత్త పట్టీలు వకుళా. డాక్టరు గారి భార్యకు పుట్టింటివాళ్ళొచ్చినట్టున్నారు," అనేది. ఆవిడ చెప్పింది ఎప్పుడూ తప్పలేదు. కానీ ఆగి మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. నడిచేవాడికి కాళ్ళ దగ్గర ఓ ముసలావిడ ఉందని గుర్తుండదు కదా.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు ఆవిడ చెయ్యి కడుక్కుని ఊరికే కూర్చుంది. "సత్తెమ్మ మొహం ఎలా ఉండేదో మర్చిపోతున్నానే," అంది కోడలితో. "కాలి మెట్టెలు గుర్తున్నాయి. మొహం గుర్తు రావటం లేదు."

వకుళ ఆ మాట భర్త చెవిన వేసింది. జోగారావు మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మునిసిపల్ ఆఫీసుకు బయల్దేరాడు. బీపీ మాత్ర చేత్తో పట్టుకుని వకుళ కూడా వెళ్ళింది.

అక్కడ తెలిసింది, రెండు విభాగాలూ ఉన్నది ఒకే గదిలో. మధ్యలో ఒక బీరువా. బీరువాకు ఈ పక్క వీర్రాజు, ఆ పక్క గుంతల విభాగం ఆయన. వీళ్ళు వెళ్ళేసరికి ఇద్దరూ ఒకరి క్యారేజీలోంచి ఒకరు గోంగూర పచ్చడి పంచుకుంటున్నారు.

జోగారావు ఓపిగ్గా వివరించాడు. వీర్రాజు బ్రేకరు వేయటం వల్లే మిగతా రోడ్డు పల్లమవుతోంది. పల్లాన్ని ఈయన పూడ్చటం వల్లే రోడ్డు సాఫీ అయి మళ్ళీ వేగం పెరుగుతోంది. మీ ఇద్దరూ బీరువా పక్కకు జరిపి ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడుకుంటే చాలు.

"ఆయన పనిలో నేను జోక్యం చేసుకోకూడదు సార్. శాఖాపరమైన మర్యాద," అన్నాడు వీర్రాజు, ఆయన గిన్నెలోంచి ఇంకాస్త పచ్చడి తీసుకుంటూ.

గుంతల విభాగం ఆయన గోడ మీద పటం చూపించాడు. పట్టణంలో అత్యధికంగా గుంతలు పూడ్చినందుకు ఆయనకు బహుమతి వచ్చింది. పక్కనే ఇంకో పటంలో, అత్యధికంగా వేగ నిరోధకాలు నిర్మించినందుకు వీర్రాజుకు. రెండు బహుమతులూ ఒకే వీధికి.

కమిషనరు గారు కూర్చోమని, కాఫీ తెప్పించి, అంతా విని, చాలా ఆప్యాయంగా జవాబిచ్చాడు. "తమరు దీన్ని రోడ్డు ఎత్తు పెరగటమని చూస్తున్నారు. మేం పట్టణం ఎదగటమని చూస్తున్నాం."

"మరి కొంచెం తవ్వి తగ్గించటానికి వీలుందా అండి?" అని అడిగాడు జోగారావు.

కమిషనరు ఆలోచించాడు. పెంచటానికి తన దగ్గర రెండు విభాగాలున్నాయని, తగ్గించటానికి ఒక్కటీ లేదని, ఆ దిశగా ప్రభుత్వానికి ప్రతిపాదన పంపితే బాగుండదని, తగ్గించే ప్రతిపాదన పంపిన కమిషనరు ఎవరూ ఇంతవరకూ పైకి రాలేదని చెప్పాడు. వకుళ మాత్ర తీసి భర్త చేతిలో పెట్టింది. ఆయన కాఫీతోనే వేసుకున్నాడు.

తర్వాత వానలు పడ్డాయి. మొదటి పెద్ద వానకే వీధి నీళ్ళన్నీ పెరట్లోకి వచ్చి చేరాయి. వీధిలో అన్ని పెరళ్ళలోకీ వచ్చాయి గానీ, మిగతావాళ్ళవి చిన్నవి, జోగారావుది పెద్దది, మట్టం చూసి కట్టినది కాబట్టి నీళ్ళు ఎటూ పోకుండా చక్కగా సమానంగా నిలబడ్డాయి. రెండో మెట్టు మునిగింది. కప్పలు వచ్చాయి. హారిక ఆఫీసు మీటింగుల్లో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు ఏదైనా రిసార్టులో ఉన్నావా అని అడిగేవాళ్ళు. ఒకరోజు మత్స్యశాఖ వాళ్ళు వ్యానులో వచ్చి, ప్రతి చెరువులోనూ చేపలు అనే కార్యక్రమం కింద, రోడ్డు మీద నిలబడే రెండు ప్లాస్టిక్ సంచుల చేపపిల్లలను పెరట్లోకి వదిలి, ఫొటో తీసుకుని వెళ్ళారు. మర్నాడు వకుళ మోకాటి లోతు నీళ్ళలో దీపం పట్టుకుని వెళ్ళేసరికి తులసికోట చుట్టూ చేపపిల్లలు ప్రదక్షిణ చేస్తున్నాయి.

నవ్వుకున్నారు. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. చెరువుల పరిరక్షణ విభాగం నుంచి ఒక అధికారిణి వచ్చింది. నీట్‌గా చీర కట్టుకున్న, చిన్న వయసు అమ్మాయి. చెక్క వాలు మీదుగా జాగ్రత్తగా దిగి, వరండాలో కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఆకాశంలోంచి తీసిన బొమ్మ చూపించింది. మూడో వీధి పక్కన నీలం రంగులో చతురస్రం.

"ఇది ప్రభుత్వ చెరువుగా నమోదైందండి. చెరువు గర్భంలో మీ ఇల్లు అక్రమ కట్టడం. నెలలోగా ఖాళీ చేస్తే కూల్చివేతకు సహకరించిన పౌరులుగా గుర్తిస్తాం," అంది.

జోగారావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మధ్యలో తులసికోట ఉంది కదమ్మా. అది కనబడలేదా మీ ఉపగ్రహానికి?"

"కనబడిందండి. ద్వీపం అని గుర్తించింది."

ఆ అమ్మాయి తన మాటకు ఆధారం లేకుండా రాలేదు. నీరు నిలిచేది, మత్స్యసంపద కలది, ఒక వైపైనా గట్టు ఉన్నది చెరువు. మూడూ ఇక్కడ ఉన్నాయి. అది గట్టు కాదు, రోడ్డు అని జోగారావు వాదించాడు. తాను కుర్రతనంలో అలాంటి రోడ్లు వందల మైళ్ళు వేశానన్నాడు.

"రోడ్డంటే స్పీడు బ్రేకరు ఉన్నదండి. ఈ పట్టణంలో బ్రేకరు లేని రోడ్డు లేదని కమిషనరు గారు రాతపూర్వకంగా ధ్రువీకరించారు. మీ పక్కింటివాళ్ళకు నమోదై ఉంది, అవతలివాళ్ళకు నమోదై ఉంది. వాళ్ళవి రోడ్డు పక్క ఇళ్ళు. మీ ఇంటి ముందు ఒక్కచోటే లేదు. బ్రేకరు లేకుండా ఎత్తుగా ఉంది కాబట్టి అది గట్టు," అంది అధికారిణి.

వకుళ భర్త వైపు చూడలేదు. ఇన్నాళ్ళ గొడవలో తనే గెలిచిందని తెలిసిన క్షణమది. అంత చేదుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. జోగారావు రసమట్టం జేబులోంచి తీశాడు గానీ దేని మీదా పెట్టలేదు, అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే వీర్రాజును పిలిపించారు. ఇంటి ముందు వెంటనే ఒకటి వేసేయమని వకుళే అడిగింది. వీర్రాజు నిజంగానే బాధపడ్డాడు, సున్నుండ కూడా తీసుకోలేదు.

"ఇప్పుడు కుదరదు అమ్మగారూ. గట్టని తేలిపోయాక అది చెరువుల విభాగం పరిధి. మేం అక్కడ తట్టెడు తారు వేసినా ఆక్రమణ అవుతుంది," అన్నాడు. వాలు ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. "నిబంధనలో మాత్రం రోడ్డు మీదే వేయాలని లేదండి. ఇంటి నంబరు కలిగిన స్థలమందు, యజమాని కోరిన చోట అని ఉంది. ఎక్కడ బ్రేకరు ఉంటే అది రోడ్డు. రోడ్డును చెరువు అనలేరు. ఆపైన తమరి ఇష్టం సార్."

తర్వాతి రోజుల్లో ఇంట్లో ఎవరి ఆలోచన వాళ్ళది. కిరణ్ కోర్టుకు వెళ్దామన్నాడు. హారిక వాళ్ళ నాన్నగారి అపార్టుమెంటులో అద్దెకు ఒక వాటా ఉందని, నాలుగో అంతస్తు కాబట్టి ఏ రోడ్డూ అక్కడిదాకా రావటానికి కొంత సమయం పడుతుందని చెప్పింది. వకుళ అటకమీది ఇత్తడి సామాను దించి తుడవటం మొదలుపెట్టింది. ఏజెన్సీకి వెళ్ళినప్పుడు కట్టిన గోనెలే మళ్ళీ బయటికొచ్చాయి. స్పీడు బ్రేకరు మాట ఆమె ఎత్తలేదు. అది అడిగితే భర్త వద్దంటాడని కాదు. సరేనంటాడేమోనని భయం వేసింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మంత్రి బావమరిదికి వంగని మనిషి, ఇంట్లో తారు గతుకు కోసం వీర్రాజుకు సంతకం పెడుతుంటే చూడటం తన వల్ల కాదు.

"వెళ్ళిపోదాం లెండి," అంది ఒక పొద్దున్న, గోనెసంచి మూతి పురికొసతో కుడుతూ. "ఇల్లేగా."

జోగారావు విన్నాడో లేదో తెలియలేదు. ఆయన పొడవాటి రబ్బరు గొట్టం నిండా నీళ్ళు నింపి, ఒక కొస కిరణ్ చేత రోడ్డు మీద పట్టించి, రెండో కొస తల్లి కుర్చీ దగ్గర పట్టుకుని, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూస్తున్నాడు. సుభద్రమ్మ నుదురు పక్కన సుద్దముక్కతో గోడ మీద ఒక గీత గీశాడు. "ఒరే, నాకు కొలతలు తీస్తున్నావేమిట్రా?" అని ఆవిడ అడిగితే, "కదలకమ్మా, మట్టం పోతుంది," అన్నాడు. ఆ సాయంత్రం సత్తెమ్మను ఆపి, రోడ్డు మీద నిటారుగా నిలబడమని ఆమె ఎత్తు కూడా కొలిచాడు. సత్తెమ్మ సిగ్గుపడి ఆ రోజు కొత్తిమీర కొసరు వేసింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. బయట సన్నగా వాన. వకుళ ముద్దపప్పు, దోసావకాయ వడ్డించి, ఈ ఇంట్లో ఇంకెన్ని ఆదివారాలో అనుకుంటూ నెయ్యి గిన్నె అందుకుంది. సుభద్రమ్మ కూడా వరండా వదిలి లోపలికొచ్చి కూర్చుంది, చెప్పులు చూసీ చూసీ విసుగొచ్చిందట.

జోగారావు మొదటి ముద్ద తిని, నీళ్ళు తాగి, గొంతు సవరించుకోకుండా, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పే గొంతుతోనే అన్నాడు.

"నిన్న వెళ్ళి సంతకం పెట్టొచ్చాను."

వకుళ చేతిలో నెయ్యి గరిటె అలాగే ఉండిపోయింది.

"స్పీడు బ్రేకరు వరండాలో వేయిస్తున్నాను. కోరినంత ఎత్తు వేస్తామన్నారు కదా, భుజమెత్తు కోరాను, అమ్మ కుర్చీ దాని మీద వేద్దాం. స్పీడు బ్రేకరు కాబట్టి రెండు వైపులా వాలు ఎలాగూ ఉంటుంది, అమ్మ మెల్లగా ఎక్కి దిగొచ్చు."

"మావయ్యగారూ, మళ్ళీ ఆ జీపొచ్చి పక్కనంతా గుంతంటే?" అంది హారిక.

"అంటుంది. అననీ అమ్మా. వరండా పూడుస్తారు, తర్వాత పెరడు పూడుస్తారు. నీళ్ళు నిలవవు. చేపలను కాలవలో వదిలిపెడదాం." ఆయన పప్పు కలుపుతూ ఆగి, వకుళ వైపు చూశాడు. "నా సర్వీసులో మొదటిసారి ఒక స్పీడు బ్రేకరుకు కారణం దొరికింది. దరఖాస్తులో అవసరం అన్న చోట అదే రాశాను. ఇంట్లో పెద్దావిడకు మనుషుల మొహాలు కనబడటం లేదు అని."

వకుళ ఆయన అన్నంలో నెయ్యి వేసింది. మామూలుగా వేసేదానికి రెట్టింపు పడింది, డాక్టరు వద్దన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నా ఎవరూ అనలేదు.

"సత్తెమ్మ కనబడుతుందిట్రా?" అంది సుభద్రమ్మ.

"బొట్టుతో సహా," అన్నాడు జోగారావు. తర్వాత అందరినీ ఒకసారి చూసి, మెల్లగా చెప్పాడు. "రేపు పొద్దున్నే తారు వస్తుంది. అమ్మ కుర్చీ తీసి కాసేపు పక్కన పెట్టండి. గోనెలు విప్పేయండి."